గేమింగ్ పీసీకి ఎస్‌ఎంపీఎస్: నల్లగొండ షాపులో రోజూ వినే అపోహలు

గ్రాఫిక్స్ కార్డు కోసం నెల రోజులు వీడియోలు చూసి వచ్చే పిల్లలు, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటర్ భాగాలన్నిటికీ ఇచ్చే పెట్టె) దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యన్నా" అంటారు. పదకొండేళ్లుగా నల్లగొండలో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. కార్డు, ప్రాసెసర్, బోర్డు అన్నీ దాని మీదే బతకాలి.

అపోహ: డబ్బా మీద 500 అని ఉంటే 500 వాట్లు వస్తాయి.

దేవరకొండ నుంచి ఒక డిగ్రీ అబ్బాయి తన కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. గేమ్ మొదలైన పది నిమిషాలకు రీస్టార్ట్ అవుతోంది. అప్పటికే విండోస్ రెండుసార్లు వేయించాడు, ర్యామ్ కూడా మార్పించాడు. నేను పక్క డోర్ తీసి ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదివాను. డబ్బా మీద 500 వాట్లు. స్టిక్కర్‌లో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు, అంతే. అతని గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. ప్రాసెసర్ రైజెన్ 5 5600 లోడ్ మీద 76 దాకా పోతుంది. ఇప్పటి కార్డు, ప్రాసెసర్ దాదాపు మొత్తం 12 వోల్టుల లైన్ నుంచే తీసుకుంటాయి. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల గడుల్లో రాసుకున్నవి, వాటితో గేమ్ నడవదు.

ఇంకో సంగతి. కార్డు లోడ్ ఒకే తీరుగా ఉండదు. సెకనులో చాలా చిన్న భాగంపాటు దాని మామూలు లెక్క కంటే బాగా పైకి ఎగురుతుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, పెద్ద కార్డులకు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ 100 మైక్రోసెకన్లపాటు తన రేటింగ్‌కు రెండింతల లోడ్‌ను కూడా తట్టుకోవాలని పెట్టింది.

నేను వేసే లెక్క ఇది: కార్డు వాట్లు, ప్రాసెసర్ వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవ్‌లకు ఇంకో 70. ఈ మొత్తం 12 వోల్టుల సామర్థ్యంలో 60, 65 శాతం దాటకూడదు. ఆ అబ్బాయికి మంచి 550 వాట్లది వేశాం. 3060కి ఎన్విడియా చెప్పేది కూడా 550నే. ర్యామ్ పాతదే తిరిగి పెట్టాం. ఆ రోజు నుంచి రీస్టార్ట్ లేదు.

అపోహ: 750 వాట్లది వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది.

పెరగదు. కంప్యూటర్‌కు 300 కావాలంటే 300 ఇస్తుంది, వేడి రూపంలో పోయేది దానికి కలుస్తుంది. 85 శాతం సామర్థ్యం (గోడ నుంచి తీసుకున్నదాంట్లో కంప్యూటర్‌కు చేరే వంతు) ఉన్నది గోడ నుంచి 353 వాట్లు లాగితే, 90 శాతం ఉన్నది 333 లాగుతుంది. రోజుకు 4 గంటలు ఆడితే నెలకు రెండున్నర యూనిట్ల లోపే తేడా. గోల్డ్ (80 ప్లస్ అనే సామర్థ్య పరీక్షలో ఇచ్చే ఒక పై స్థాయి గుర్తు) తీసుకుంటే బిల్లులో డబ్బులు వెనక్కి వస్తాయన్న మాటనూ ఇదే లెక్కతో చూడండి.

అపోహ: గోల్డ్ అని ఉంటే క్వాలిటీ ఉన్నట్టే.

80 ప్లస్ కొలిచేది సామర్థ్యాన్ని మాత్రమే. అదీ 23 డిగ్రీల గది వేడిలో. మన దగ్గర మే నెలలో రేకుల గదిలో కేబినెట్ లోపల ఎంత ఉంటుందో మీకు తెలుసు. అందుకే పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో చూడండి. 50 డిగ్రీలు అని రాసినదాన్ని నేను నమ్ముతాను. తర్వాత వారంటీ. మూడేళ్లది, ఏడేళ్లది పక్కపక్కన ఉంటే కొంచెం ఎక్కువైనా ఏడేళ్లదే తీసుకొమ్మంటాను.

అపోహ: ఎస్‌ఎంపీఎస్‌లో కార్డుకు పిన్ లేకపోతే కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోతుంది.

సాటా కనెక్టర్ (హార్డ్ డిస్క్‌కు కరెంటు ఇచ్చే పిన్) 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లు. కార్డు 8 పిన్ 150 దాకా అడుగుతుంది. ప్లాస్టిక్ కరిగి నల్లబడ్డ కన్వర్టర్లు నా టేబుల్ మీదికి చాలా వచ్చాయి. అలాగే మాడ్యులర్ కేబుళ్లు (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీసి పెట్టుకునేవి) ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టకండి. పట్టినట్టే ఉంటాయి కానీ లోపల వైర్ల వరస వేరు. ఒక్కసారి ఆన్ చేసినా హార్డ్ డిస్క్ పోవచ్చు.

అపోహ: కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోంది, ఎస్‌ఎంపీఎస్ పోయింది.

నన్ను అడిగితే మన జిల్లాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిర్యాలగూడలో ఒక ఇంట్లో ఇందుకోసమే రెండు ఎస్‌ఎంపీఎస్‌లు మార్చారు. మూడోది కూడా జుమ్మంది. స్విచ్ బోర్డు విప్పి చూస్తే, పైన ఎర్త్ పిన్ పెట్టే లావు రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు.

ఎస్‌ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్త్ ఉంటే ఆ కొంచెం కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, సుమారు 115 వోల్టులు నిలబడతాయి. కొత్తదైనా, ఎంత ఖరీదైనదైనా అంతే. ఆ కరెంటు చిన్నది కాబట్టి జుమ్మంటుంది. కానీ లోపల నిజంగా షార్ట్ అయినా, ఏప్రిల్, మే సాయంత్రాల్లో పిడుగు దగ్గరలో పడినా, ఆ దెబ్బకు పోయే దారి ఉండదు. హెచ్‌డీఎంఐ వైర్ మీదుగా టీవీలోకో, లాన్ కేబుల్ మీదుగా రౌటర్‌లోకో, మీ చేతిలోకో పోతుంది. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా ఎర్త్ లేకుండా దాని పని సగమే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య బల్బు పెట్టి చూపించమనండి. వెలిగితే సరిపోదు, బోర్డు కూడా విప్పి చూడమనండి. కొందరు పని తేలిక కోసం న్యూట్రల్‌నే ఎర్త్ పిన్‌కు కలిపేస్తారు. అప్పుడు కూడా బల్బు వెలుగుతుంది, కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు మీ కేబినెట్ మీద పూర్తి 230 ఉంటుంది. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి, మొహమాటపడకండి.

ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో కూడా ఎండాకాలం వస్తే మళ్లీ జుమ్మంటుందని ఫోన్లు వస్తాయి. నల్లగొండ, పాలమూరు వైపు మొరం, బండ నేలలు ఎక్కువ. తడి ఆరిపోతే అవి కరెంటును సరిగా తీసుకోవు. గుంతలో ఉప్పు, బొగ్గు ఉన్నాయో లేదో చూసి, మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి ఒకసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి.