నీ మోటారు, నా మోటారు, ఒకే కోడు

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక మురుగు కోడు మీద చిన్న కల్వర్టు ఉంది. దాని మీద నిలబడితే ఎడమ గట్టున ఒక మోటారు కోడులోంచి నీళ్లు తోడుతూ కనిపిస్తుంది. కాస్త ఎగువన, మహా అయితే రెండు వందల గజాల దూరంలో, కుడి గట్టు తూములోంచి నల్లటి నీళ్లు అదే కోడులోకి దూకుతుంటాయి. అక్కడి చెరువులో రొయ్యల పట్టుబడి అయింది. ఇక్కడ సీడు, అంటే రొయ్య పిల్లలు, వేయడానికి చెరువు నింపుతున్నారు. ఇద్దరిలో ఎవరూ దొంగపని చేయడం లేదు. ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క కోడే.

డెల్టాలో ఆక్వా మాట వచ్చిందంటే ఎకరానికి ఎన్ని టన్నులు, ఎంత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి), ఈ రోజు రేటెంత అన్నదే మన లెక్క. నాకు మాత్రం ఆ కల్వర్టు మీదే అసలు లెక్క కనబడుతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాక ఇక్కడి నీటి ఏర్పాటంతా వరిని దృష్టిలో పెట్టుకుని అల్లుకున్నది. పంటకాలువలో మంచినీళ్లు వస్తాయి, బోదెల్లోంచి చేలకు పారతాయి, మిగిలినవి కోడుల్లోంచి యనమదుర్రు లాంటి డ్రెయిన్లలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతాయి. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. తీరం దగ్గరి రొయ్యల చెరువు ఈ పద్ధతిని తలకిందులు చేసింది. పోటు వేళ కోడులోకి ఎక్కొచ్చే ఉప్పునీరే దానికి కావాలి. కాబట్టి ఆ కోడే దానికి కుళాయి, ఆ కోడే దానికి మురుగు.

దీని ఫలితం 1994లో తెలిసింది. టైగర్ రొయ్య డబ్బులు కురిపిస్తోంది, వరి చేలు తవ్వి చెరువులు వేస్తున్నారు, అప్పుడొచ్చింది వైట్ స్పాట్ అనే వైరస్ రోగం. మేత మానేసిన రొయ్యలు గట్టు వారకు చేరేవి. తల పెంకు ఒలిచి వెలుతురుకు పెడితే లోపల తెల్లటి చుక్కలు. 3 నుంచి 10 రోజుల్లో చెరువు ఖాళీ. దానికి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకునే రోగనిరోధక వ్యవస్థ మనకున్నట్టు రొయ్యకు లేదు, అందుకే మనం వేయించుకునే తరహా టీకా దానికి పనిచేయదు. వైరస్ నీటిలో వెళుతుంది. పీత ఒంట్లో ఎక్కి గట్టు దాటుతుంది, పీతకు మాత్రం పెద్దగా ఏమీ కాదు. కొంగ నోట్లోంచి జారిన రొయ్యతో పక్క చెరువులో పడుతుంది. ఇప్పుడు చెరువుల చుట్టూ కనిపించే పీతల కంచెలు, నీటి మీద అడ్డంగా కట్టిన పిట్టల దారాలు ఆ దెబ్బ తర్వాత నేర్చుకున్నవే.

కంచె పీతను ఆపుతుంది గానీ భయాన్ని ఆపదు కదా. ఆ రోజుల్లో రోగం తగిలినవాడు ఆ మాట బయటికి రానిచ్చేవాడు కాదు. చెబితే కొనేవాడు రేటు కోస్తాడు. గప్‌చుప్‌గా పట్టేసి, రాత్రికి రాత్రి తూము ఎత్తేసేవాడు. తెల్లారేసరికి దిగువన ఉన్నవాడు అవే నీళ్లు తోడుకునేవాడు. వైరస్‌కు అంతకన్నా మంచి రవాణా సౌకర్యం ఎవరు ఏర్పాటు చేస్తారు?

తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. వాటి కథ వేరే చెప్పుకోవాలి. నాకు వాటికన్నా ముఖ్యంగా తోచేది 2002లో మొగల్తూరులో కొద్దిమంది రైతుల చెరువుల్లో జరిగిన పని. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా, బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య కలిసి చేసిన ప్రయోగం అది. అందులో కొత్త యంత్రమేదీ లేదు. అడుగున ఉన్న నల్ల బురద తీసేయడం, నీటిని సన్నటి వలలో వడకట్టి పెట్టడం, సీడును పరీక్ష చేయించి వేయడం, రోగం వస్తే పక్కవాడికి చెప్పడం, క్లోరిన్ వేసి వైరస్ చచ్చేదాకా ఆ నీళ్లు వదలకపోవడం. చివరి రెండూ ఒక్కడు చేస్తే నష్టపోతాడు, అందరూ చేస్తే బాగుపడతారు. అందుకే అది రైతులు కలిసి నడుపుకునే ఆక్వా క్లబ్బుల రూపం తీసుకుంది. 2007లో చిన్న రైతుల సంఘాల కోసం కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ ఏర్పడింది.

కలిసి ఉంటే కలదు సుఖం అని పంతులుగారు చెప్పిన మాట కాదిది. దీని వెనక లెక్క ఉంది. మా పెద్దమావయ్య ఒకసారి సీడులో వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష రిపోర్టు జేబులో పెట్టుకుని తిరిగాడు. "నెగిటివ్ అన్నారు కదరా, మరెందుకొచ్చింది?" అని కనబడిన ప్రతివాణ్నీ అడిగేవాడు. ల్యాబ్ మోసం చేసిందనే ఇప్పటికీ ఆయన నమ్మకం. చేసి ఉండకపోవచ్చు. ఎకరానికి లక్ష పిల్లలు వేశాడనుకుందాం. అందులో నూటికి 5 పిల్లల్లో వైరస్ ఉంటే, 60 పిల్లలను తీసి పరీక్షిస్తే కనీసం ఒకటైనా దొరికే అవకాశం 95 శాతం. నూటికి 2 మాత్రమే ఉంటే అదే 60 పిల్లల్లో ఒక్కటీ దొరక్కుండా పోయే అవకాశం దాదాపు 30 శాతం. అంటే మూడు సార్లలో ఇంచుమించు ఒకసారి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, చెరువులోకి మాత్రం 2,000 రోగిష్టి పిల్లలు దిగుతాయి. దాన్నీ పట్టాలంటే 150 పిల్లలు కావాలి. ఇంతకన్నా నయమైన దారి తల్లి రొయ్యలనే ఒక్కొక్కదాన్నీ పరీక్షించడం. రెండెకరాల రైతు సీడు పుట్టించే హేచరీకి వెళ్లి తల్లిని పరీక్షించమంటే వినేదెవరు? ఇరవై మంది కలిసి మొత్తం ట్యాంకు సీడు మేమే తీసుకుంటామంటే వింటారు. క్లబ్బులు సరిగ్గా ఆ బేరమే ఆడాయి. అందరూ ఒకే వారంలో సీడు వేయడం వల్ల ఇంకో లాభముంది. ఒకడు నీళ్లు వదిలే వేళకు ఇంకొకడు నీళ్లు తోడే అవసరం తగ్గుతుంది.

2009లో వెనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక ఆట మారింది. రోగాలు లేకుండా పెంచిన తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. వైట్ స్పాట్ బెడద కొంత తగ్గింది. దాని జాగాలోకి ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వచ్చింది. ఇది చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటాయి, కౌంటు మాత్రం రాదు. దాని బీజాలు చెరువు అడుగున పొంచి ఉంటాయి. అందుకే పంట అయ్యాక హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం చల్లి, దున్ని, తడిపి, మట్టి పీహెచ్‌ను 12 దాకా తీసుకెళ్లమంటారు. ఆ ఖర్చు చూసి సగం మంది సగం సున్నంతో సరిపెడతారు. వాళ్లను తప్పు పట్టే ముందు సున్నం బిల్లు కూడా చూడాలి.

ఇక మేత. వరి రైతుకు అర్థమయ్యే కొలతలో చెబుతాను. టన్ను రొయ్యలు పండించడానికి సుమారు టన్నున్నర మేత పడుతుంది. మేతలో మాంసకృత్తులు 35 శాతం ఉంటే అందులో 84 కిలోల నత్రజని ఉన్నట్టు. పావు నుంచి మూడో వంతు దాకానే రొయ్య ఒంటికి పడుతుంది. కనీసం 55 కిలోలు చెరువులోనే మిగులుతుంది. దాదాపు రెండున్నర బస్తాల యూరియాలో ఉండేంత అన్నమాట! అది అమ్మోనియాగా మారుతుంది. దాని విషం పీహెచ్ మీద ఆధారపడుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 6, 7 శాతం. 9కి చేరితే 40 శాతం. మధ్యాహ్నం ఎండకు పచ్చనాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. పొద్దున కిట్టులో చూసి "ఫర్వాలేదు" అనుకున్న అమ్మోనియా సాయంత్రం నాలుగింటికి ఫర్వా ఉన్నదవుతుంది. బెల్లం, తవుడు పులియబెట్టి చల్లేది ఇందుకే. బెల్లంలోని కర్బనం దొరికితే బ్యాక్టీరియా అమ్మోనియాను తిని తమ ఒళ్లు పెంచుకుంటాయి.

అసలు మందు మేత వృథా కాకుండా చూడటమే. రొయ్య మేత కొరికేటప్పుడు వచ్చే టిక్కుటిక్కు శబ్దాన్ని నీటిలోని మైకుతో విని, ఆకలి ఉన్నంతసేపే మేత విసిరే యంత్రాలు వచ్చాయి. భేషైన పనే. కానీ ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు శీలావతి, బొచ్చె పెంచేవాళ్లు ఇదే పని ప్లాస్టిక్ సంచితో చాలా ఏళ్ల క్రితమే చేశారు. సంచికి అడుగున కన్నాలు పెట్టి, తవుడు, నూనె తీసిన చెక్క నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు వరసగా కట్టి వేలాడదీస్తారు. చేప వచ్చి కన్నం దగ్గర మూతి పెట్టి చప్పరిస్తుంది. కొన్ని గంటలయ్యాక పడవ మీద కుర్రాడు సంచులు విప్పుకొస్తాడు. మిగిలిన తవుడు బరువే ఆ రోజు రిపోర్టు. ఏ సంచి నిండుగా తిరిగొస్తే ఆ పక్క ఆక్సిజన్ చూసుకోమని అర్థం. ఇది ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు, గట్ల మీద పుట్టింది. శీలావతి (రోహు) సంగతే తీసుకుంటే, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ, నార్వే శాస్త్రవేత్తలు కలిసి నదుల నుంచి తెచ్చిన చేపలను తరతరానికీ ఎంపిక చేసి 1997లో జయంతి రోహు విడుదల చేశారు. తరానికి సుమారు 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. సాల్మన్ మీద నేర్చిన విద్య మన శీలావతికి పనికొచ్చింది. (పులసకు ఇలాంటి విద్య ఎవరైనా కనిపెడితే ఈ జిల్లాల్లో గుడి కడతారు.)

మళ్లీ కోడు దగ్గరికి వద్దాం. పట్టుబడి రోజు వదిలే నీళ్లన్నీ ఒకటి కావు. పైనున్న నీళ్లలో మురికి తక్కువ. అడుగు బురదతో కలిసి వచ్చే చివరి 10 నుంచి 20 శాతంలోనే చెత్త ఎక్కువ. ఆ ఆఖరి నీటిని కొన్ని గంటలు ఓ గుంటలో నిలబెట్టినా బరువైన మడ్డి అడుగుకు దిగిపోతుంది. అందులో ఆల్చిప్పలు పెంచితే తేలే నాచును అవి వడకడతాయి. అయితే ఇక్కడ చాలామందివి రెండు హెక్టార్లలోపు చెరువులు. ఉన్న కాస్త జాగాలో గుంట ఎవరు తవ్వుతారు? కోడు పొడవునా పదిమందికీ ఒకే గుంట కావాలి, దానికి జాగా ఎవరిదన్న తగవు తీరాలి. సైన్సు తేలిక, ఆ తగవే కష్టం.

తీరానికి దూరంగా, బోరు నీళ్లతో వెనామీ పెంచే ఊళ్లలో తగవు ఇంకో రకం. వెనామీ లీటరుకు 3, 4 గ్రాముల ఉప్పున్న నీటిలోనూ బతుకుతుంది. సముద్రంలో సోడియం, పొటాషియం 28కి 1 చొప్పున ఉంటాయి. బోరు నీటిలో పొటాషియం బాగా తక్కువ. అందుకే వరికి వేసే పొటాషే చెరువులోకీ దిగుతుంది. ఆ ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క చేలోకి ఊరుతుంది.

మొన్న మావయ్య చెరువు గట్టున ఉండగా పక్క చేను రైతు సీసాతో వచ్చాడు. "ఏవండీ, ఇవి మా బోరు నీళ్లండీ, మీ దాంట్లో ఓసారి చూద్దురూ" అన్నాడు. మావయ్య ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి, మూత వేసి, ఎండకేసి పెట్టి చూశాడు. "లీటరుకు రెండు గ్రాములుందండీ. అబ్బే, మంచినీళ్ల కిందే లెక్క" అన్నాడు తేలిగ్గా. రొయ్యల రైతు లెక్కలో అది మంచినీళ్లే. వరి వేరు చుట్టూ నీటిలో లీటరుకు 2 గ్రాముల ఉప్పు చేరేసరికి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పక్క చేను రైతు ఆ పరికరం తీసుకుని తానూ కంటికి పెట్టుకుని చూశాడు. చాలాసేపు దించలేదు.