అంగళ్ల చెత్తతో ఎరువు: కర్నూలులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మేము కొంతమందిమి కలిసి కర్నూలులో మా చుట్టుపక్కల వీధుల్లోని హోటళ్లు, టీ కొట్లు, కూరగాయల అంగళ్లు, చెరకు రసం బండ్ల దగ్గర చెత్త తీసుకుంటాం. తడిది ఎరువు చేస్తాం, పొడిదాన్ని రకాలుగా విడదీసి పాత సామాన్ల కొట్టుకు పంపుతాం. ఈ పని చేస్తున్నామని తెలియగానే జనం అనే మాటలు దాదాపు అవే ఉంటాయి. కొన్ని వినీ వినీ అలవాటైపోయాయి కానీ, కొన్ని మాత్రం నిజంగానే పనికి అడ్డం పడుతున్నాయి, కొన్ని వీధుల్లో మొదలే కానివ్వడం లేదు. అందుకే రాస్తున్నా.

అపోహ: కంపోస్టు అంటేనే కంపు, ఇళ్ల మధ్య పెడితే మనుషులు ఉండలేరు.

వాస్తవం: కంపు వస్తోందంటే ఆ కుప్పకు గాలి ఆడడం లేదని అర్థం. హోటల్ నుంచి వచ్చే అన్నం, కూరలు, తొక్కల్లో నీళ్లూ ఎక్కువే, నత్రజనీ ఎక్కువే. వాటిని మాత్రమే పోస్తే ముద్దయిపోతుంది, లోపలికి ఆక్సిజన్ అందదు, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పెరిగి కుళ్లు వాసన పుట్టిస్తాయి. విరుగుడు కర్బనం ఎక్కువగా ఉండే పొడి సరుకు. కర్బనం 25 నుంచి 30 పాళ్లు, నత్రజని ఒక పాలు ఉంటే కుప్ప చక్కగా నడుస్తుంది. ఆ లెక్కలు వేసే ఓపిక లేకపోతే ఒక బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు వేయండి, చాలావరకు సరిపోతుంది.

పొడి సరుకుకు మన వైపు కరువు లేదు. శనక్కాయ పొట్టు, పత్తి కట్టె ముక్కలు, ఎండబెట్టిన చెరకు పిప్పి, రంపపు పొట్టు, ఇవన్నీ ఎవరో ఒకరు పారేసేవే. శనక్కాయ పొట్టు తొందరగా చివకదు, నిజమే, కానీ అది కుప్పలో సందులు నిలబెడుతుంది, చివర్లో జల్లెడ పట్టినప్పుడు మిగిలినదాన్ని కొత్త కుప్పలో వేసుకోవచ్చు. రంపపు పొట్టు మాత్రం కలప కోసిన చోటిదే తెచ్చుకోండి, ప్లైవుడ్ కోసిన చోటిది వద్దు, దాంట్లో జిగురు ఉంటుంది.

తేమ చూడడానికి మీటరేం అక్కర్లేదు. కుప్ప లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు, ధార కడితే పొడి సరుకు కలపాలి, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి.

అపోహ: మన ఎండలకు కుప్ప దానంతటదే తొందరగా ఎరువైపోతుంది.

ఎండకు కాదు, సూక్ష్మజీవులు తింటుంటే పుట్టే వేడికి అవుతుంది. నడుస్తున్న కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది, ఇనుప కడ్డీ గుచ్చి కాసేపాగి తీస్తే చేత్తో పట్టుకోలేం. మే నెలలో కర్నూలు ఎండకు జరిగేది వేరే, పైపొర ఎండిపోయి పని ఆగిపోతుంది, చూసేవాళ్లేమో ఎరువు తయారైంది అనుకుంటారు. నీళ్లు పడగానే మళ్లీ వేడెక్కుతుంది. కాబట్టి నీడ కావాలి, పైన తడి గోతం కప్పాలి.

అపోహ: ఉల్లిగడ్డ ఎరువుకు పనికిరాదు.

ఇది అచ్చంగా మన ఊరి సమస్య. ఉల్లికి పేరున్న మార్కెట్ యార్డు మనది, వానకు తడిసినవి, మొలకెత్తినవి, పొరలు, తోకలు కలిపి ఒక్కో అంగడి నుంచే గోతాలకు గోతాలు వస్తాయి. దీన్ని వద్దంటే కర్నూలులో తడి చెత్తలో పెద్ద భాగాన్నే వద్దన్నట్టు. ఈ మాట వర్మీ కంపోస్టు, అంటే వానపాములతో చేసే ఎరువు, నుంచి వచ్చింది. వానపాములకు ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ, చీనీ (బత్తాయి) తొక్కలు పడవు, వేస్తే ఆ చోటు వదిలి పక్కకు జరుగుతాయి. (35 డిగ్రీలు దాటితే వానపాములు బతకడమే కష్టం, అందుకే మన వేసవిలో వాటి తొట్టెలు అంత జాగ్రత్తగా చూసుకోవాలి.) వేడెక్కే కుప్పకు ఈ ఇబ్బంది లేదు, ఉల్లి అన్నిటితోపాటు చివికిపోతుంది. గడ్డను మాత్రం అలాగే వేయొద్దు, పారతో రెండు దెబ్బలు వేసి చితకగొట్టండి, లేకపోతే కుప్ప అంచుల్లో చక్కగా మొలకెత్తి కూర్చుంటుంది. లెక్కలో గడ్డ తడి కిందికి, ఎండిన పొర పొడి కిందికి వస్తాయి.

రైతులకు ఒక భయం ఉంది, అది అపోహ కాదు. కుళ్లు తెగులు పట్టిన గడ్డల్లో ఉండే శిలీంద్రం సరిగ్గా వేడెక్కని ఎరువుతోపాటు పొలానికి పోవచ్చు. కుప్పను తిరగేస్తూ అంచుల్లో ఉన్నది కూడా లోపలికి పోయి, ప్రతి భాగం కనీసం మూడు రోజులు 55 డిగ్రీలు చూసేలా చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. అయినా సరే, ఉల్లి చెత్త ఎక్కువగా పడిన ఎరువును మేము ఉల్లి రైతుకు ఇవ్వం, పండ్ల తోటలకే ఇస్తాం. రైతు పంటతో పరీక్షలు పెట్టే హక్కు మాకు లేదు.

అపోహ: పేపర్ కప్పు కాగితమే కదా, ఎరువులో కలిసిపోతుంది.

కలవదు. లోపలి వైపు సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది లేకపోతే వేడి టీకి కప్పు నిలవదు. మెరిసే విస్తరాకు, పూత వేసిన పేపర్ ప్లేటు కూడా అంతే. కాగితం చివికిపోయాక ఆ పొర ముక్కలుముక్కలుగా మిగులుతుంది, దాన్ని చేత్తో ఏరడం ఎంత నరకమో ఏరినవాళ్లకే తెలుసు. అరటాకు, మోదుగాకు విస్తరి ఎన్నైనా తీసుకుంటాం. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని రాసి ఉన్న కవర్ల సంగతీ చెప్పాలి. నిజంగా ప్రమాణం ఉన్నవి కూడా పెద్ద కంపోస్టు ప్లాంట్లలో ఉండే నిలకడైన వేడిని లెక్కలోకి తీసుకుని చేసినవి, మన వీధి కుప్పలో వాటిని నమ్ముకోకండి.

టీ కొట్ల వాళ్లను నేను ఒక్కటే బతిమాలుతుంటాను: పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించొద్దు, కొంచెం అతుక్కునేలా వదిలేయండి. పాల కవర్‌కు పాత సామాన్ల కొట్టులో ధర ఉంది, కడిగి ఆరబెడితే తీసుకుంటారు. కానీ తెగిపోయిన ఆ గోరంత మూల ముక్క నేరుగా టీ పొడి బకెట్‌లోకి పోతుంది, టీ పొడిలో కనపడదు, ఎరువు జల్లెడలో నుంచి కూడా జారిపోతుంది, చివరికి తేలేది ఎవరిదో పొలంలో. టీ పొడి ఎరువుకు ఎంత మంచి సరుకో, ఆ మూలముక్క దాన్ని అంత పాడు చేస్తుంది.

అపోహ: హోటల్ వాళ్లు విడదీయరు, వాళ్లకంత తీరిక ఎక్కడిది?

ఇదే అన్నిటికంటే ఎక్కువగా పనిని ఆపేది. వాస్తవం ఏంటంటే, ఓనరు సరే అన్నంత మాత్రాన ఏమీ జరగదు, ప్లేటు గీకే మనిషికి సులువుగా ఉంటే తప్పకుండా జరుగుతుంది. ప్లేట్లు కడిగే చోటే రెండు బకెట్లు పక్కపక్కన ఉండాలి. కవర్ల బకెట్ నాలుగడుగుల దూరంలో పెట్టారంటే మధ్యాహ్నం రద్దీలో సాంబారు కవరు, రబ్బరు బ్యాండు అన్నీ అన్నంలోకే పోతాయి, అది ప్లేట్లు గీకే ఆమె తప్పు కాదు. ఖాళీ బకెట్ కడిగి తిరిగి ఇవ్వాలి. తీసుకుపోయే టైమ్ రోజూ ఒకటే ఉండాలి, ఒక్కరోజు బండి రాకపోతే మర్నాడు అన్నీ కలిపేస్తారు. ముఖ్యంగా ఆ మనిషితో నేరుగా మాట్లాడాలి. “అక్కా, బ్యాండ్లు మాత్రం ఇటు వెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం” అని చెప్పి, మరుసటి వారం ఎరువు తెచ్చి చూపిస్తే ఆమే కొత్తగా చేరిన పిల్లోడికి నేర్పుతుంది. ఎరువు మంచిదవుతుందా లేదా అన్నది మా షెడ్డులో కంటే ఆ గిన్నెలు కడిగే చోటే ఎక్కువ తేలుతుంది.

విడదీయడం దయతలచి చేసే పనేం కాదు కూడా. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెత్త పుట్టిన చోటే విడదీయాలని చెప్పాయి, రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలను పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవాళ్లుగా ప్రత్యేకంగా లెక్కగట్టాయి.

మాడిన నూనె ఎరువులో పోయొద్దు, కాలువలోనూ పోయొద్దు. నూనెలో ధ్రువ సమ్మేళనాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018 నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది, ఆ నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే పద్ధతి కూడా ఉంది. బజ్జీల బండ్ల వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

కోళ్ల అంగళ్ల చెత్త మేము తీసుకోం. కుక్కలు, ఈగలు, రోగాలు, అది తెరిచి ఉన్న కుప్పలో చేసే పని కాదు.

అపోహ: 24 గంటల్లో ఎరువు ఇచ్చే మెషిన్ కొంటే గొడవే లేదు.

అలాంటి మెషిన్లలో చాలావరకు చేసేది తరిగి, వేడిచేసి, ఆరబెట్టడం. బయటికి వచ్చేది ఎండిన తిండి, తడి తగిలితే మళ్లీ వాసన. దాన్ని కుప్పగా వేసి వారాల తరబడి మాగబెట్టాల్సిందే. డబ్బాల్లో అమ్మే బ్యాక్టీరియా పొడి కూడా అంత అవసరం లేదు, పాత ఎరువు రెండు పారలు లేదా పేడ నీళ్లు చాలు.

అపోహ: చెత్తలో బోలెడు డబ్బుంది, మీరే మాకు ఎదురివ్వాలి.

ధర పలికే అట్టపెట్టెలు, సీసాలు అంగడివాళ్లే అమ్ముకుంటారు, అందులో తప్పేం లేదు. మాకు వచ్చేది అమ్ముడుపోనిది. చిప్స్, షాంపూ ప్యాకెట్ల లాంటి పొరల ప్లాస్టిక్‌ను పాత సామాన్ల కొట్టులో ముట్టుకోరు, అవి సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాల్చడానికే పనికొస్తాయి, అక్కడికి చేర్చడానికి కూడా ఖర్చే. 100 కిలోల కూరగాయల చెత్తలో 85 కిలోలకు పైగా నీళ్లే, చేతికొచ్చే ఎరువు దాంట్లో చిన్న వంతు. బండి డీజిల్, పనివాళ్ల కూలి అంగళ్లు ఇచ్చే నెల చందాతోనే గడుస్తాయి. పనివాళ్లకు గ్లౌజులు, సరైన కూలి ఇవ్వకుండా చందా తగ్గించమంటే మేము ఒప్పుకోం.

అపోహ: ఈ ఎరువు వేస్తే యూరియా అక్కర్లేదు.

ఇది మనవాళ్లే ఉత్సాహంలో చెప్పేస్తుంటారు. నగర కంపోస్టులో, అంటే ఊరి చెత్తతో చేసిన ఎరువులో, నత్రజని కనీసం 0.8 శాతం ఉండాలని ప్రమాణం, అంటే టన్నుకు 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు పైనే ఉంటుంది. రైతుకు ఈ లెక్క దాచితే రెండోసారి మన ఎరువు తీసుకోడు. కంపోస్టు ఇచ్చేది కర్బనం. పత్తికొండ వైపు ఎర్రనేలల్లో తక్కువగా ఉన్నది అదే, అది పెరిగితే వాన నీళ్లు నేలలో ఇంకాసేపు నిలుస్తాయి, వేసిన యూరియా కూడా వృథా కాకుండా పంటకు అందుతుంది.

మాగిందో లేదో తెలియాలంటే తడిగా ఉన్న ఎరువు పిడికెడు కవర్‌లో గట్టిగా కట్టి మూడు రోజులు నీడలో పెట్టి విప్పండి. మట్టి వాసన వస్తే పొలానికి పంపొచ్చు. పుల్లటి వాసనో, గాటైన అమ్మోనియా వాసనో వస్తే ఇంకో నెల ఆపండి, పచ్చి ఎరువు లేత వేళ్లను దెబ్బతీస్తుంది. మా షెడ్డు నుంచి పోయే ప్రతి కుప్పకూ ఈ పరీక్ష చేస్తాం, ఇంటి దగ్గర డ్రమ్ములో చేసుకునేవాళ్లకూ ఇదే చాలు.