గురక అనుకుని వదిలేయకండి

మత్తు పదార్థాల జోలికి పోతే చదువు పాడవుతుందని, అలవాటు వదలదని కాలేజీ పిల్లలకు చెబుతుంటారు. రెండూ నిజమే. తొందరపాటును అదుపులో పెట్టే మెదడు ముందుభాగం దాదాపు 25 ఏళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ లోపు మొదలైన అలవాటు లోతుగా పాతుకుపోతుంది. కానీ ప్రాణం పోవడానికి అలవాటు దాకా రానక్కర్లేదు. మొదటిసారి వేసుకున్న ఒక్క బిళ్ల చాలు.

హెరాయిన్, ఫెంటానిల్, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు కాండం పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. ఓపియాయిడ్ ఈ పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. అందుకే ఊపిరి తగ్గిపోతున్నా ఆ మనిషి ఉక్కిరిబిక్కిరి కాడు, గింజుకోడు. హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. ఊపిరి పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

మద్యం, నిద్రమాత్రలు కూడా ఊపిరిని మందగింపజేసేవే. విడిగా తట్టుకోగలిగిన మోతాదులే కలిస్తే చంపేస్తాయి. దొంగచాటుగా అమ్మే బిళ్లలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఫెంటానిల్ హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు బలమైనది, 2 మిల్లీగ్రాములు ప్రాణం తీయగలదు. బిళ్లలు చేసే పొడిలో అంత కొద్ది పదార్థం సమంగా కలవదు. ఒకే పొట్లంలోని ఒక బిళ్ల ఏమీ చేయకపోవచ్చు, పక్క బిళ్ల చంపవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని వారాలు మానేస్తే శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. సెలవుల తర్వాత పాత మోతాదే వేసుకున్నవాళ్లు చనిపోయేది అందుకే.

ఓపియాయిడ్ మోతాదు మించి ప్రాణం మీదికొచ్చిందనడానికి గుర్తులివి: పిలిచినా, ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోవడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, పెదవులు, గోళ్లు నీలిరంగుకు లేదా బూడిదరంగుకు తిరగడం, నిమిషానికి పదీ పన్నెండుసార్లు కూడా ఊపిరి తీయకపోవడం. గొంతులో గరగరమనే శబ్దం గురక కాదు, గాలి దారి మూసుకుపోతోందని అర్థం.

వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే మందు నలాక్సోన్ స్ప్రే ఉంటే ఒక ముక్కు రంధ్రంలో కొట్టండి, రెండు మూడు నిమిషాల్లో మార్పు రాకపోతే రెండోది ఇవ్వండి. వేసుకున్నది ఓపియాయిడ్ కాకపోయినా నలాక్సోన్ వల్ల హాని ఉండదు. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, 5 సెకన్లకొకసారి నోటితో గాలి ఊదండి. నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి, పై మోకాలు వంచి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్లు పోయడం, కాఫీ తాగించడం, వాంతి చేయించడం, వీటిలో ఏదీ వద్దు.

కొకైన్, ఎండీఎంఏ (ఎక్స్‌టసీ) వంటి ఉత్తేజకాల తీరు వేరు. ఒళ్లు కాలిపోవడం, ఛాతీనొప్పి, మూర్ఛ వాటి లక్షణాలు. చల్లని చోటికి చేర్చి, తడిబట్టతో తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నలాక్సోన్ ఇచ్చాక లేచి కూర్చుని, బాగానే ఉన్నానని అన్నా సరే, ఒంటరిగా వదలొద్దు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లోని మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉంటే ఊపిరి మళ్లీ ఆగవచ్చు. ఏం వేసుకున్నాడో, ఎప్పుడో, దాంతో మద్యం కూడా తాగాడేమో వైద్యులకు దాచకుండా చెప్పండి. మిగిలిన బిళ్లను, పొట్లాన్ని వెంట తీసుకెళ్లండి.