ఊరి నీడకి మొక్కలు: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే కడియం నర్సరీల ముందు ట్రాక్టర్లు ఆగుతాయండి. కుర్రాళ్లు దిగుతారు. "బాబాయ్, రామాలయం వీధికి రెండు వందల మొక్కలు కావాలి. రెండేళ్లలో నీడొచ్చేయాలి." ఏ మొక్కో ముందే ఖాయం చేసుకుని వస్తారు. ఏ నేలో మాత్రం నేను అడిగేదాకా చెప్పరు. ఏటా వినే మాటలే కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తొందరగా ఎదిగేదే మేలు, కోనోకార్పస్ ఇచ్చేయండి.

వాస్తవం: ఎదుగుతుంది, కాదనను. ఎండకి చావదు, పశువు పెద్దగా మూతి పెట్టదు. అమ్ముకునేవాడికి అంత సుఖమైన మొక్క లేదు, నేనూ ఒకప్పుడు వందలకొద్దీ అమ్మాను. కానీ దాని వేర్లు నీళ్ల కోసం డ్రైన్లలోకీ పైపుల్లోకీ దూరతాయి. పుప్పొడితో ఎలర్జీ వస్తోందన్న ఫిర్యాదులూ ఉన్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. అలాగని అది ఆక్సిజన్ పీల్చేసుకుంటుందని వాట్సాప్‌లో తిరిగేది వట్టి మాట. పచ్చని ఆకు ఏదైనా వెలుతురులోనే ఆక్సిజన్ ఇస్తుంది. రావి రాత్రిళ్లు కూడా ఇస్తుందనడమూ ఇలాంటిదే. రావిని పిట్టల కోసం నాటుకోండి, చల్లదనం కోసం నాటుకోండి. గోడకి నలభై అడుగుల ఎడం మాత్రం ఉండాలి.

అపోహ: వేప ఎక్కడ పెట్టినా బతికేస్తుంది.

వాస్తవం: రాయలసీమలో ఆ మాట చెల్లుతుంది. మన పల్లపు బంకమట్టిలో నీళ్లు నిలిస్తే వేప వేరుకి ఊపిరాడదు, ఆకు పసుపెక్కి మొక్క కుళ్లిపోతుంది. గోదావరి డెల్టాలో మొక్క పేరు తర్వాత, ముందు మెరకా పల్లమా చూడాలి. మోకాలి లోతు గుంత తవ్వి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి ఇంకిపోతే వేప, చింత, పొగడ ఏదైనా పెట్టుకోవచ్చు. గుంతలో ఇంకా నీళ్లు మెరుస్తుంటే వేపని మరిచిపోండి. ఏరుమద్ది, నేరేడు, కానుగ పెట్టండి. ఏరుమద్ది పుట్టుకే ఏటి ఒడ్డు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు ఉప్పు తగిలే నేలలకి గంగరావి, పొన్న, కానుగ.

కానుగ పేరు రెండుసార్లు వచ్చిందని గమనించే ఉంటారు. నా పక్షపాతం అది, దాచను. చలి వెళ్లేటప్పుడు ఆకు రాల్చి, ఎండలు ముదిరేనాటికి లేతాకుపచ్చగా గొడుగు పట్టేస్తుంది. పాతతరం రైతులు దాని ఆకు రొట్టని ఎరువుగా పొలం దమ్ములో (నాట్ల ముందు బురదలో) తొక్కించేవారు. ఆకుల మీద బుడిపెలు చూసి తెగులని కంగారు పడకండి, చెట్టుకేం కాదు.

అపోహ: ఆరడుగుల మొక్క కొంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఇలా అడిగినవాళ్ల ముందే ఒక ముదురు మొక్క కవరు కోసి చూపిస్తాను. అడుగున వేర్లు, నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా, గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. తల్లివేరు మడతపడి పైకి తిరిగి ఉంటుంది. అలాగే పాతేస్తే పైన కొమ్మ వేస్తుంది గానీ కింద ఆ చుట్ట విడదు. నాలుగేళ్లకి తుపాను గాలి తగిలితే వేళ్లతో సహా లేచిపోతుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి గాలి సంగతి నేను చెప్పాలా! రెండు మూడడుగుల మొక్క, పెన్సిలు కన్నా లావు కాండం, కవరు చిల్లుల్లోంచి వేరు బయటికొచ్చి నేలలో దిగనిది తీసుకోండి. వేర్లు కొంచెం చుట్టుకుని ఉంటే నాటేముందు పక్కలు బ్లేడుతో నిలువునా గీసి విడదీయండి.

అపోహ: తురాయి, నిద్రగన్నేరు మన చెట్లే.

వాస్తవం: తురాయిది మడగాస్కర్, నిద్రగన్నేరుది దక్షిణ అమెరికా వైపు. నిద్రగన్నేరు నీడ నాకూ ఇష్టమే, కానీ అంత విస్తరించే చెట్టు కరెంటు తీగల కింద వద్దు. తురాయి పూలకి సరే. కొమ్మ పెళుసు, ఎండలు మొదలయ్యేసరికి చెట్టు బోడిగా నిలబడుతుంది.

అపోహ: గోదావరి పక్కనుండగా నీళ్లకేం కరువు?

వాస్తవం: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పట్నించీ మనకి కాలువ నీళ్లు అలవాటు. కానీ వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. వానాకాలంలో నాటిన మొక్క ఎక్కువగా చచ్చేది ఆ రోజుల్లోనే. మొదటి రెండు వేసవులూ వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు, పాదు మీద ఎండుగడ్డో కొబ్బరి పీచో ఉండాలి.

పోయినేడు ఒక ఊరివాళ్లు రెండు వందలకని వచ్చి, మే నెలలో బిందె మోసేదెవరో వీధివారీగా లెక్క వేసుకుని, అరవై పట్టుకెళ్లారు. ఈ ఏడు మళ్లీ వచ్చారు. చచ్చిపోయిన నాలుగు కానుగల స్థానంలో మొక్కలు కావాలట.