81 శాతం పిల్లలు కదలడం లేదట, మరి కొలిచిందెలా?

"బడికెళ్లే పిల్లల్లో నూటికి 81 మంది సరిపడా శారీరక శ్రమ చేయడం లేదు" అన్న మాట ఈపాటికి ఎక్కడో ఒకచోట మీ కంటపడే ఉంటుంది. 2019 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రచురించిన లెక్క అది. 146 దేశాలు, 11 నుంచి 17 ఏళ్ల వయసున్న 16 లక్షల మంది పిల్లలు. అబ్బాయిల్లో 77.6 శాతం, అమ్మాయిల్లో 84.7 శాతం. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ 16 లక్షల మంది నడుముకీ ఎవరూ కదలికని కొలిచే మీటర్లు కట్టలేదు. క్లాసులో కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, మీరే చెప్పండర్రా అన్నారు. ఇక్కడిదాకా ఎలా వచ్చామన్నది కాస్త వంకర టింకర కథ.

మొదట్లో అసలు కదలికని కొలవాలన్న ఆలోచనే లేదు, పిల్లల ఒంట్లో సత్తువ ఎంతో చూసేవాళ్లు. 1950ల్లో అమెరికాలో క్రౌస్-వెబర్ పరీక్ష అని ఒకటి బాగా పేరుకెక్కింది. మొత్తం ఆరు చిన్న పనులు. వాటిలో ఒకటి, పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా కిందకి వంగి చేతివేళ్లతో నేలని తాకడం. ఆరింట్లో ఏ ఒక్కటి చేయలేకపోయినా ఫెయిలే. 1954లో ఫలితాలు అచ్చయ్యాయి. అమెరికా పిల్లల్లో 57.9 శాతం ఫెయిల్, ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ పిల్లల్లో 8.7 శాతమే. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు కదా, మా పిల్లలు ఇంత బలహీనులా అని దేశమంతా గగ్గోలు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాకా వెళ్లింది విషయం, 1956లో పిల్లల ఫిట్‌నెస్ కోసం ఆయన ఏకంగా ఒక మండలినే వేశారు. నాకు మాత్రం ఇందులో ఒకటి విచిత్రంగా అనిపిస్తుంది. నేలని అందుకోలేని పిల్లాడు ఆ రోజంతా గోడలెక్కి దూకుతూ గడిపి ఉండొచ్చు, ఇట్టే అందుకున్నవాడు ఇంట్లోంచి కదిలే ఉండకపోవచ్చు. ఆ పరీక్ష చెప్పేది వాడి తొడల వెనక కండరం ఎంత సాగుతుందన్నదే.

ప్రశ్న మారింది పెద్దవాళ్ల వల్ల. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటన్ పరిశోధకుడు లండన్ డబుల్ డెకర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతుండే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని తేలింది. బలం సంగతి అటుంచి రోజులో ఎంత కదులుతున్నారన్నది చూడాలన్న ఆలోచన అక్కణ్నుంచే ఊపందుకుంది. చిక్కల్లా, పెద్దవాళ్ల కోసం పుట్టిన ఆ ఆలోచననీ దాని కొలతల్నీ తర్వాత పిల్లలకి తగిలించడంలో వచ్చింది.

1990లో బ్రిటన్‌లో 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి గుండె వేగం చూసే మీటర్లు కట్టారు. నిమిషానికి 139 దాటి గుండె కొట్టుకోవాలి, అదీ పది నిమిషాలు ఆపకుండా. అలాంటి పది నిమిషాలు ఒక్కసారి కూడా లేని పిల్లలు బోలెడంత మంది తేలారు. మళ్లీ ఆందోళన. (పైగా గుండె వేగం పరుగు వల్లే పెరగాలని రూలేం లేదు, పరీక్ష టెన్షన్‌కీ పెరుగుతుంది.)

కానీ పిల్లలు అసలు పది నిమిషాలు ఆపకుండా ఏ పనైనా చేస్తారా? 1995లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఓపిగ్గా కూర్చుని, 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు 15 మంది ఆడుకుంటుంటే క్షణక్షణం రాసుకున్నారు. గట్టిగా పరిగెత్తడం, గెంతడం లాంటివి ఒక్కో విడత ఎంతసేపు ఉన్నాయో తెలుసా? సగానికి సగం మూడు సెకన్లకి మించలేదు! ఒకర్నొకరు తరుముకునే ఆట కాసేపు చూడండి, మీకే తెలుస్తుంది. రయ్యిన పరుగు, ఠక్కున ఆగడం, నడుం మీద చేతులు, నేను అవుట్ కాదని గొడవ, మళ్లీ రయ్యి. పెద్దవాళ్ల జాగింగ్ కోసం చేసిన తక్కెడ దీన్నెలా తూస్తుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే యాక్సిలరోమీటర్లు వచ్చాయి. నడుముకి బెల్టుతో కట్టే చిన్న డబ్బా, ఒంటి ఊపుని అంకెలుగా రాసుకుంటుంది. పిల్లాడి మాట మీద ఆధారపడక్కర్లేదు కాబట్టి ఇక గొడవ తీరిందనుకున్నారు. తీరలేదు. మెమరీ తక్కువ కాబట్టి పాత మీటర్లు నిమిషానికొక మొత్తం మాత్రమే దాచుకునేవి. నాలుగు సార్లు మూడేసి సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తి, మిగతా 48 సెకన్లు నిలబడ్డ పిల్లాడు ఆ లెక్కలో మెల్లగా నడిచినవాడైపోతాడు. తర్వాత 15 సెకన్లకీ, ఇంకా తక్కువకీ దిగారు. అయినా సైకిల్ తొక్కుతుంటే నడుం పెద్దగా ఊగదు కాబట్టి అది సరిగా పడదు, ఈతకి వెళ్తే మీటర్ విప్పి గట్టున పెట్టాల్సిందే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి, ఎంత అంకె దాటితే గట్టి శ్రమ అనాలి? ఒక్కో పరిశోధక బృందం ఒక్కో చోట గీత గీసింది. అదే పిల్లలు, అదే మీటర్, అదే వారం, గీత జరిపితే చాలు, బద్ధకస్తులందరూ చురుకైనవాళ్లైపోతారు. అందుకే నేను శాతం కంటే ముందు గీత ఎక్కడుందో వెతుక్కుంటా. అమెరికాలో 2003-04 మీటర్ల లెక్క ప్రకారం రోజుకి గంట శ్రమ చేసేవాళ్లు 6-11 ఏళ్ల పిల్లల్లో 42 శాతం, 12-19 ఏళ్ల వాళ్లలో 8 శాతమే. వయసుతో పాటు కదలిక పడిపోతుందన్నది వేర్వేరు గీతలతో చూసినా కనిపిస్తూనే ఉంది, దాన్ని నమ్మొచ్చు. ఆ 42నీ 8నీ మాత్రం పట్టుకుని వేలాడక్కర్లేదు.

లక్షల మందికి మీటర్లు కట్టాలంటే డబ్బు చాలదు, అందుకే మళ్లీ కాగితమే గతి. దేశదేశాల బడుల సర్వేల్లో ఎక్కువగా కనిపించే ప్రశ్న, గత 7 రోజుల్లో ఎన్ని రోజులు మొత్తం 60 నిమిషాలైనా శారీరక శ్రమ చేశావు అని. ఆరో క్లాసు చదివే పిల్లని ఒకసారి ఇదే అడిగి చూశా. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టి, "నిన్న ఆడా, మొన్న వాన... ఇంటర్వెల్‌లో పరిగెత్తింది కూడా కలపాలా? ఆగి ఆగి ఆడితే గంట అవుతుందా?" అని నన్నే ఎదురడిగింది. చివరికి "ఐదు వేసుకో" అంది, బేరం కుదిర్చినట్టు.

ఈ ఐదు దగ్గరే ఇంకో మెలిక ఉంది. 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన రోజూ కనీసం 60 నిమిషాలు అనేది, 81 శాతం లెక్కకి ఆధారం అదే. 2020లో కొత్త సూచనలొచ్చి, వారం మీద సగటున రోజుకి 60 నిమిషాలు అన్నాయి. వారంలో ఐదు రోజులు 80 నిమిషాల చొప్పున, మిగతా రెండ్రోజులు 20 నిమిషాల చొప్పున ఆడే పిల్ల సగటు దాదాపు 63 నిమిషాలు. కొత్త సూచన ప్రకారం ఆ పిల్ల పాస్, పాత లెక్కలో మాత్రం ఆ 81 మందిలో ఒకతె.