పాట అందుకునేటోళ్లు

నకిరేకల్ నుంచి

బిడ్డలారా,

ఎండాకాలం సెలవులల్ల మీరు ఈడ ఉన్నప్పుడు రెండు మాటలు అడిగిండ్రు, నేను జవాబు చెప్పలే. ఆ పొద్దు ఫోన్ల వార్త చూసి అరుగు మీద చానాసేపు అట్లనే కూసున్న. "ఎవరో అమెరికా ముసలాయనకు పాణం బాగలేదంటే నువ్వెందుకు తాతా దిగులువడుతున్నవు, ఆయన నీకేమైతడు?" అని చిన్నది అడిగింది. పెద్దోడేమో, "ముప్పై ఏండ్ల సంది కొత్త ఆల్బమే తియ్యలేదట గదా, అయినా జనం ఎందుకు పోతరు?" అన్నడు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. నోటితోని చెప్తే తొవ్వ తప్పుతనని కూసుండి రాస్తున్న.

ఆయన పేరు బిల్లీ జోయెల్. 1949 మే 9న న్యూయార్క్‌ల పుట్టిండు. నేనూ ఆ ఏడే పుట్టిన. నా తారీఖు ఎవరికీ తెల్వదు, బడిల చేర్పిచ్చిననాడు సారు జూలై 1 అని రాసుకున్నడు. పాట ఆయనే రాస్తడు, బాణీ ఆయనే కడుతడు, పియానో వాయించుకుంట ఆయనే పాడుతడు. అట్లాంటోళ్లను మనం వాగ్గేయకారులంటం. 2025 మే నెలల ఆయనకు మెదడుల నీరు చేరే జబ్బు ఉన్నదని, దానితోని వినికిడి, చూపు, నిలబడే పట్టు దెబ్బతిన్నయని, ఒప్పుకున్న కచేరీలన్నీ ఆపేస్తున్నమని చెప్పిండ్రు. ఆ రోజు నేను చదివింది గదే.

ముందు పియానో సంగతి చెప్తా. మీరు దాన్ని పెద్ద హార్మోనియం అనుకుంటున్నరు, కాదు. మన భజన గుడిల పెట్టెకు తిత్తి ఉంటది. ఎడమ చెయ్యితోని గాలి కొడితే లోపలి ఇత్తడి రేకులు అదిరి పలుకుతయి. మెట్టు మీద వేలున్నంతసేపు, తిత్తిల గాలి ఉన్నంతసేపు స్వరం నిలుస్తది. పియానోల గాలి లేదు. 88 మెట్లు, 52 తెల్లయి, 36 నల్లయి. మెట్టు నొక్కితే లోపల ఉన్ని ఒత్తిన చిన్న సుత్తె లేచి ఉక్కు తీగను కొట్టి ఎనుకకు పడుతది. తీగ మోగుకుంట మోగుకుంట సన్నబడిపోతది. మెత్తగ నొక్కితే మెత్తగ, గట్టిగ కొడితే గట్టిగ. 1700 నాటికి ఇటలీల క్రిస్టోఫోరి అనే ఆయన ఈ సుత్తెల ఏర్పాటు చేసిండు.

మనకు ఒక చెయ్యి తిత్తికే సరిపోతది. పియానోకు రెండు చేతులూ ఖాళీ. ఎడమ చెయ్యి డోలక్ పని చూసుకుంటది, కుడి చెయ్యి పాట పని చూసుకుంటది. ఒక్కడు కూసుంటే మేళమంతా కూసున్నట్టే. కని ఒక చిక్కున్నది. గిటార్ ఉన్నోడు జనం దిక్కు నడుచుకుంట వస్తడు, డప్పున్నోడు ఎగురుతడు, మన గోరటి వెంకన్న గజ్జె కట్టి పాడితే సభంతా ఊగుతది. పియానో ముందు కూసున్నోడు మాత్రం కదలలేడు. జనానికి ఆయన ముఖం ఒక పక్కనే కనబడతది. అట్ల కదలకుండ కూసోని అన్ని వేల మందిని ఎట్ల దగ్గరికి తీసుకున్నడనేదే నాకు మొదటినుంచి ఆశ్చర్యం.

2019ల మీ చిన్నాయన దగ్గర న్యూజెర్సీల ఆరు నెలలున్న గదా. నేను హార్మోనియం వాయిస్తనని, "బాపూ, మెట్లు వాయించేటాయన పాట వినిపిస్త రా" అని తీసుకపోయిండు. న్యూయార్క్‌ల రైలు దిగి మెట్లెక్కితే పైనే ఆ హాలు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. గుండ్రంగ ఉంటది, దగ్గర దగ్గర 20 వేల మంది పడుతరు. ఆయన 2014 జనవరి సంది నెలకొక్కసారి ఆడ పాడేది. కరోనా కాలంల ఆగింది గని, మళ్ల మొదలుపెట్టి 2024 జూలై 25 దాక పాడిండు. ఆ హాలుల ఆయన జన్మల పాడిన కచేరీలల్ల అది 150వది. ఒక్క మనిషి, ఒక్క హాలు, అన్నేండ్లు, ప్రతిసారి నిండుడే. మన జాతరలకు జనం ఏటేటా వచ్చినట్టు వచ్చిండ్రు.

మేము పైన చివరి వరుసలల్ల కూసున్నం. నాకు అర్థమైంది పాటలల్ల సగం కూడ ఉండదు, ఇంగ్లీషు చదివితే తెలుస్తది గని పాడితే అందదు. కని కొన్ని చూసిన. పియానో కింద చక్రమున్నది, అది నెమ్మదిగ తిరుగుతది. ఒక పాటకు మా దిక్కు ముఖం, ఇంకో పాటకు అవుతలి దిక్కు ముఖం. నడుమ నడుమ జనాన్నే అడుగుతడు, ఇది పాడాల్నా, అది పాడాల్నా అని. ఎక్కువ అరుపులు దేనికొస్తే అది. మన ఊర్ల కథ చెప్పేటోళ్లు "ఏ ఘట్టం ఎత్తుకోమంటరు?" అని ఊరిని అడిగినట్టే.

ఇంకో సంగతి మీ చిన్నాయన రైలుల చెప్పిండు, అది నాకు అన్నిటికన్న నచ్చింది. ముందు వరుస టికెట్లు ఆయన అమ్మడట. ఎక్కువ పైసలు పెట్టినోళ్లు ముందట కూసోని పాట వినుడు కన్న గుంభనంగ చూసుడే ఎక్కువని, ఆ కుర్చీలు ఆపి, తన మనుషులను చివరి వరుసలల్లకు పంపి, ఆడ ఉన్నోళ్లను తోలుకొచ్చి ముందట కూసోపెడుతడట. నా చిన్నతనంల చిందు భాగోతం ఆడితే ముందట దొర కుర్చీ ఉండేది. ఆడేటోళ్ల కండ్లు ఆ కుర్చీ మీదనే ఉండేటియి. మేము కట్టె కంచె మీద, చెట్ల మీద ఎక్కి చూసేది. మా దిక్కు చూసి ఒక్క పద్యం పాడితే ఎంత బాగుండు అనిపించేది. ఆ కోరిక ఏందో తెలిసినోన్ని గాబట్టే ఆ మాట విని రైలుల నా కండ్లు తడైనయి.

ఇప్పుడు ఆ పాట సంగతి. 1971ల ఆయన మొదటి రికార్డు వచ్చినప్పుడు తయారీల వేగం తప్పింది, గొంతు ఉన్నదానికన్న సన్నగ వినబడ్డది. ఆ రికార్డు కంపెనీతోని చేసుకున్న ఒప్పందంల ఇరుక్కపోయి, లాస్ ఏంజెలెస్‌కు పోయి, బిల్ మార్టిన్ అని పేరు పెట్టుకొని కొన్ని నెలలు ఒక బారుల పియానో వాయించిండు. ఆడికొచ్చే మనుషులే పాటయినరు. ఇండ్లు అమ్మిపెట్టేటోడు, నౌకాదళంల పని చేసేటోడు, గ్లాసులు నింపేటోడు, వడ్డించే ఆమె. అందరికీ ఇంకేదో కావాలనున్నది, కాలేదు. శనివారం రాత్రి ఆడ కూడి, పియానో ఆయనను పాడమంటరు. అదే "పియానో మ్యాన్". 1973 నవంబర్‌ల వచ్చింది. అప్పటి అమెరికా పాటల పట్టికల 25వ జాగ కాడ ఆగింది. అయినా ఇయ్యాల్టికీ జనం నోట్ల ఉన్నది.

కచేరీ చివరల ఆయన మెడకు మౌత్ ఆర్గాన్ తగిలించుకోంగనే హాలంతా హోరెత్తింది. పాట మొదలైంది, నేను అలవాటుకొద్ది మోకాలు మీద వేళ్లతోని లెక్క వేసిన. మూడు, మూడు. మన దాద్రా నడక! అన్ని సముద్రాలు దాటిపోతే ఆడ మా గురువు నేర్పిన నడకే ఎదురొచ్చింది. ఆఖరుకు వచ్చేసరికి వాయిద్యాలు ఆగినయి. ఆయన మెట్ల మీదికెళ్లి చేతులు తీసేసిండు. పల్లవి జనం పాడిండ్రు, 20 వేల గొంతులు, ఏ తోడూ లేకుండ. నా పక్కన అరవై ఏండ్ల ఆమె, ఆమె బిడ్డ, బిడ్డ బిడ్డ, ముగ్గురూ కండ్లు మూసుకొని పాడుతున్నరు. ఆయన తల వంచి వింటున్నడు.

పెద్దోడా, నీ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు తెలిసింది. మన భజనల ఒకరు ఎత్తుకుంటరు, తక్కినోళ్లు అందుకుంటరు. బతుకమ్మ కాడ ఒకామె చెప్తది, చుట్టూ తిరిగేటోళ్లు ఉయ్యాలో అంటరు. నాట్లల్ల కూడ అంతే. ఎత్తుకునే ఆమెకు గొంతు బాగుంటే చాలదు, అందుకునేటోళ్లకు జాగ ఇడిచిపెట్టాలె. చానా గొప్ప గొంతున్నోళ్లు కొందరు ఆ జాగ ఇడువరు. వాళ్లను మెచ్చుకుంటం, చప్పట్లు కొడుతం, ఇంటికొస్తం. మెచ్చుకునుడు వేరు, మన మనిషి అనుకునుడు వేరు. ఉమ్మడి నల్లగొండ గడ్డ మీద సుద్దాల హనుమంతు పాట ఎందుకు నిలిచిందనుకున్నరు? ఆయన సాయుధ పోరాట కాలంల ఊరూరూ తిరిగి పాడిండు. ఊరికి ముందే తెలిసిన గొల్లసుద్దుల్లో, బుర్రకథల్లో కొత్త మాట పెట్టిండు. అందుకే మొదటిసారి విన్నోళ్లు రెండోసారికి అందుకున్నరు. ఆయన 1982ల పోయిండు. పసులు గాసే పిల్లగాని మీద కట్టిన పాట ఇయ్యాల్టికీ మన సభలల్ల ఎవరో ఒకరు ఎత్తుకుంటనే ఉన్నరు.

కొత్త పాట లేకుంటే ఏందన్న మాట కూడ చెప్పాలె. ఆయన కొత్త పాటల ఆల్బమ్ చివరిది 1993ల వచ్చింది, నిజమే. ఆ తర్వాత అప్పుడొకటి ఇప్పుడొకటి. కని మన భజనల కూడ నలభై ఏండ్ల సంది అవే కీర్తనలు గదా. నేను పంతులు ఉద్యోగం దిగినంక ఉత్సాహం కొద్ది కొత్తవి నాలుగు నేర్చి పాడిన. గౌరవంగ విన్నరు, ఎవరూ అందుకోలే. మీ నాయనమ్మకు ఒక కీర్తన మీద పాణం. దాంట్ల రెండో చరణం అందరికన్న ముందు ఆమె గొంతే లేచేది. ఆమె పోయినంక వచ్చిన మొదటి శనివారం ఆ చరణం కాడ నాకు తిత్తి ఆడలే, చెయ్యి ఆగింది. భజన ఆగలే. వెనుక కూసున్న ఆడోళ్లు అందుకొని కడదాక తీసుకపోయిండ్రు. కొత్త కీర్తన అయితే ఆ పని చెయ్యలేకపోతుండె. అన్నేండ్లు పాడినందుకే ఆమె దాంట్ల ఉన్నది. ఆ హాలుల నా పక్కన కండ్లు మూసుకున్న ఆమెకు కూడ ఆ పాటల ఎవరో ఉండే ఉంటరు.

పెద్దోళ్లు అన్నీ సరిగ్గ తూకం వేస్తరని కూడ అనుకోకుండ్రి. ఆయన వయసుల ఉన్నప్పుడు పత్రికల విమర్శకులు చానా మంది తీసిపారేసిండ్రు. ఆయనకు కోపం వచ్చి, ఆ రాతలు వేదిక మీదనే చదివి చింపేసేటోడు. మన హార్మోనియం కూడ ఆ దెబ్బ తిన్నది. గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు, దాంట్ల పలకదని 1940ల ఆలిండియా రేడియో దాన్ని బయట పెట్టింది, 1971 దాక రానియ్యలే. ఆ ముప్పై ఏండ్లూ మన గుళ్లల్ల, నాటకాలల్ల, దర్గాల కాడ కవ్వాలీలల్ల అది మోగుతనే ఉండె. మా గురువుకు నిషేధం ఉన్న సంగతే తెల్వదు, ఆయన ఇంట్ల రేడియో లేదు.

చిన్నదానా, నువ్వు రాత్రిపూట చెవుల పెట్టుకొని వినే "వియన్నా" కూడ ఆయనదే అని నీకు తెలుసో లేదో. 1977 ఆల్బమ్ లోనిది. అప్పుడు దాన్ని పెద్దగ పట్టించుకున్నోళ్లు లేరు. ఇప్పుడు నీ ఈడు పిల్లలు దాన్ని ఎత్తుకున్నరు. ఆయనకు ఎనిమిదేండ్లప్పుడు తండ్రి ఇల్లిడిచి పోయిండు, ఆ తండ్రి కూడ పియానో వాయించేటోడే. పెద్దగయినంక వెతుక్కుంట వియన్నా నగరానికి పోయి కలిసిండు. ఆడ వీధి ఊడుస్తున్న పండు ముసలమ్మను చూసి అయ్యో అన్నడట. తండ్రేమో, ఆమెకు పనున్నది, నలుగురికి అక్కరకొస్తున్నననే సంతోషమున్నది అని చెప్పిండట. ఆ మాటలకెళ్లి పుట్టింది ఆ పాట. తొందరపడకు, నీ కోసం ఆ ఊరు ఆగే ఉంటది అని చెప్తది. నాలుగు రోడ్ల కాడ పొద్దుగాల ఊడ్చే మన ముసలమ్మను చూసినప్పుడల్ల నాకు ఆ తండ్రీకొడుకులు యాదికొస్తరు.

ఇగ, ఆయన నాకేమైతడంటివి. నాలాంటి పని చేసేటోడు, నా ఈడోడు, వేళ్లను నమ్ముకున్నోడు. నాకూ ఎడమ చెవు సగం పోయింది, శ్రుతి ఏదో కుడి చెవు పెట్టి వెతుక్కుంటున్న. మెట్ల మీద చేతులున్నోనికి చెవు పోవుడంటే ఏందో నాకు తెలుసు. అందుకే ఆ పొద్దు మాట రాలే.

పెట్టె తిత్తికి చిల్లువడితే నల్లగొండకు తీసుకపోయి కొత్త తోలు వేయించిన. ఇప్పుడు గాలి మంచిగ నిలుస్తున్నది. దసరాకు వచ్చేటప్పుడు చిన్నాయన పంపిన ఆ మౌత్ ఆర్గాన్ పెద్దోడు మరువకుండ పట్టుకరావాలె. శనివారం భజన ఏడింటికే మొదలైతది, బస్సు ఆలస్యమైతదేమో, పొద్దుగాలదే ఎక్కుండ్రి. నాయనమ్మ కీర్తన రెండో చరణం ఈ కాగితం ఎనుక రాసిన, చిన్నది నేర్చుకొని రావాలె.

మీ తాత