అవిసె గింజలు క్రిములను చంపుతాయా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోషకాహార సలహాకు వచ్చేవారు నన్ను అవిసె గింజల గురించి అడగని వారం ఉండదు. కొందరి ఇళ్లలో వీటిని మదనగింజలు అని కూడా అంటారు.

అపోహ: ఇవి సహజమైన యాంటీబయాటిక్, రోజూ తింటే ఇన్ఫెక్షన్లు రావు.

వాస్తవం: గింజల నూనెను గాని, ఆల్కహాల్ వంటి ద్రావకాలతో తీసిన సారాన్ని గాని ప్రయోగశాలలో బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో వేసినప్పుడు, స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ.కోలి వంటి వాటి పెరుగుదల కొంతమేర ఆగినట్లు పరిశోధకులు గమనించిన మాట నిజమే. అయితే అక్కడ సూక్ష్మజీవికి నేరుగా తగిలిన గాఢత, చెంచాడు పొడి తిన్న మనిషి రక్తంలోనో మూత్రాశయంలోనో ఏర్పడుతుందని ఆ ప్రయోగం నిరూపించదు. కాబట్టి మూత్రంలో మంటకు డాక్టరు రాసిన మాత్రలను మధ్యలో ఆపి అవిసె కషాయానికి మారడం ప్రమాదకరం. విచిత్రమేమిటంటే, ఈ గింజ చేసే మేలులో కొంత బ్యాక్టీరియా చలవే: ఇందులోని లిగ్నాన్లు అనే మొక్కల పదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియాయే ఎంటరోడయాల్, ఎంటరోలాక్టోన్ అనే పదార్థాలుగా మారుస్తుంది. యాంటీబయాటిక్స్ వాడినవారి రక్తంలో కొంతకాలం ఎంటరోలాక్టోన్ తగ్గుతుంది కూడా.

అపోహ: బీపీ మాత్రల బదులు ఇవి చాలు.

వాస్తవం: కాళ్ల ధమనులు పూడుకుపోయిన 110 మందిపై కెనడాలో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనంలో, 6 నెలలపాటు రోజుకు 30 గ్రాముల పొడి తిన్నవారికి, తిననివారితో పోలిస్తే పై అంకె సుమారు 10, కింది అంకె సుమారు 7 తక్కువగా నమోదయ్యాయి. ఇది చిన్న ఫలితం కాదు, కాని వారిలో చాలామంది మందులు వాడుతూనే ఉన్నారు.

అపోహ: చేపలోని ఒమేగా-3, ఇందులోనిది ఒకటే.

వాస్తవం: 100 గ్రాముల గింజల్లో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 దాదాపు 22 గ్రాములు ఉంటుంది, చేపలో దొరికే ఒమేగా-3 రకాలైన ఈపీఏ, డీహెచ్ఏలుగా శరీరం మార్చుకునేది అందులో స్వల్పభాగమే.

అపోహ: గింజను ఎలా తిన్నా ఫలితం ఒకటే.

వాస్తవం: నమలకుండా మింగిన గింజ చాలావరకు అలాగే బయటికి పోతుంది. దోరగా వేయించి, కొద్దికొద్దిగా పొడి చేసుకుని, మూత బిగించిన సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఈ నూనె గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. ఆ గుణం వల్లే రంగుల్లో కలిపితే ఆరి గట్టిపడుతుంది. రంగుల దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ పేరుతో దొరికే అవిసె నూనె మాత్రం తినేది కాదు. పొడిలో పీచు ఎక్కువ గనుక నీళ్లు బాగా తాగాలి, రోజువారీ మాత్రలకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం పాటించాలి; రక్తం పలుచబరిచే మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.